పాలమూరులో ఆ 1,879 ఓట్లు

ముస్లింకు టికెట్ ఇస్తే సీటు పోతుందన్న మాట తెలంగాణ రాజకీయాల్లో కొత్తది కాదు. ఒకప్పుడు తలుపులు మూసుకుని అనుకునే ఆ మాటను ఇప్పుడు మన ముఖం మీదే, అదీ మన మేలు కోరి చెబుతున్నట్టుగా అంటున్నారు. రుజువేమిటని అడిగితే దక్షిణ తెలంగాణలో మొదట వినిపించేది మహబూబ్‌నగర్ పేరు, 2012 మార్చి ఉప ఎన్నిక. పదమూడేళ్లు దాటినా ఆ ఫలితాన్ని సాక్ష్యంగా నిలబెడుతూనే ఉన్నారు. మన మిల్లత్‌లోనూ చాలామంది ఆ సాక్షిని ఒక్క ఎదురు ప్రశ్న అడగకుండా వాంగ్మూలం మొత్తం ఒప్పుకున్నారు. అందుకే ఆ లెక్కను మరొకసారి విప్పి చూడవలసి వస్తోంది.

మహబూబ్‌నగర్ శాసనసభ్యుడు ఎన్. రాజేశ్వర్ రెడ్డి 2011లో మరణించారు. 2009లో ఆయన ఏ పార్టీ గుర్తూ లేకుండా స్వతంత్రుడిగా గెలిచిన మనిషి. ఆ ఎన్నికలో రెండో స్థానంలో నిలిచింది తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి సయ్యద్ ఇబ్రహీం. ఉప ఎన్నిక వచ్చినప్పుడు టీఆర్ఎస్ మళ్లీ ఆయనకే బీ-ఫారం ఇచ్చింది. 2012 మార్చి 18న పోలింగ్, 21న లెక్కింపు. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి యెన్నం శ్రీనివాస్ రెడ్డికి 39,385 ఓట్లు, ఇబ్రహీంకు 37,506 ఓట్లు. తేడా 1,879. ఇద్దరికీ పడిన ఓట్లు కలిపితే 76,891. అందులో 940 మంది అటు కాక ఇటు వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది. ఇన్నేళ్లుగా మన మీద మోపుతున్న తీర్పుకు ఉన్న బరువు ఆ తొమ్మిది వందల నలభై మంది.

ఆనాటి గాలిని గుర్తు తెచ్చుకుంటే ఈ ఓటమి ఎంత అనూహ్యమో తెలుస్తుంది. అంతకు అయిదు నెలల కిందటే నలభై రెండు రోజుల సకల జనుల సమ్మె ముగిసింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, సింగరేణిలో బొగ్గు కదలలేదు. తెలంగాణ అన్న మాటకు ఎదురు లేని రోజులవి. ఆ మార్చిలోనే ఆదిలాబాద్, కామారెడ్డి, కొల్లాపూర్, స్టేషన్ ఘన్‌పూర్ స్థానాలను టీఆర్ఎస్ గెలుచుకుంది. నాగర్‌కర్నూల్‌లో స్వతంత్రుడిగా నిలబడిన నాగం జనార్దన్ రెడ్డికి అది మద్దతిచ్చింది, ఆయనా గెలిచారు. తెలంగాణలో పోలింగ్ జరిగిన ఆరు స్థానాల్లో ఉద్యమ పార్టీ చేజారింది ఒక్కటే. ఆ ఒక్క చోటే దాని అభ్యర్థి ముస్లిం. గెలిచిన పార్టీకి అప్పటి 294 మంది సభ్యుల శాసనసభలో ఇద్దరంటే ఇద్దరే ఉండేవారు. అందరూ బలహీనుడనుకున్న అభ్యర్థి గెలిచాడని మరునాడు పత్రికలు రాశాయి. కానీ ఆ పోటీలో నిజంగా బలహీనుడెవరన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. పార్టీకి గాలి ఉంది, అభ్యర్థికి లేదు. ఒకే బీ-ఫారం మీద ఒక బలవంతుడూ ఒక బలహీనుడూ కలిసి పోటీ చేశారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. మిగిలిన అయిదు స్థానాలకూ మహబూబ్‌నగర్‌కూ ఒక తేడా ఉంది. ఆ అయిదు చోట్లా ఉప ఎన్నిక వచ్చింది తెలంగాణ కోసం పదవిని వదులుకున్న శాసనసభ్యుల రాజీనామాల వల్ల. ఓటరు తన కోసం కుర్చీ వదిలిన మనిషిని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాడు. మహబూబ్‌నగర్‌లో స్థానం ఖాళీ అయింది మరణం వల్ల. ఇబ్రహీం వద్ద త్యాగం చేసి చూపించడానికి పదవి లేదు. కాబట్టి ఓటమికి మతమొక్కటే కారణమని అనడం తొందరపాటు. అంత మాత్రాన మతం కారణం కానే కాదనడం కళ్లు మూసుకోవడమవుతుంది.

ఓటమి తరువాత మూడు వివరణలు వినిపించాయి. ముస్లింల ఓట్లు కాంగ్రెస్‌కూ టీఆర్ఎస్‌కూ చీలిపోయాయన్నది ఒకటి. కారు గుర్తుకు పడవలసిన హిందూ ఓట్లు కొన్ని కమలానికి పోయాయన్నది రెండోది. అభ్యర్థి ఎంపిక, స్థానిక నాయకుల అలకలు, ప్రచార లోపాలు అన్నది మూడోది. మూడింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. మన సభల్లో, మస్జిద్‌ల ముందు, పెళ్లి విందుల్లో మళ్లీ మళ్లీ చర్చించింది మాత్రం మొదటిదాన్నే. మనలో ఇత్తెహాద్ లేదు, మనమే మనవాడిని ఓడించుకున్నాం అని తలలు పట్టుకున్నాం. ఆత్మవిమర్శ మంచిదే. కానీ మన పాపాన్నే కాకుండా పక్కవాడి పాపాన్నీ మన ఖాతాలో రాసుకోవడం ఏ రకం ఆత్మవిమర్శ?

కొంచెం ఆలోచించండి. అప్పటికి మజ్లిస్ రాష్ట్రంలో కాంగ్రెస్‌కు మిత్రపక్షం. ఆ స్నేహం తెగింది 2012 నవంబర్‌లో. తరతరాలుగా హస్తం గుర్తుకు అలవాటు పడిన ఇళ్లు మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి. ఒక ముస్లిం ఓటరు తన పాత పార్టీకి ఓటు వేస్తే దానికి చీలిక అని పేరు. ఒక హిందూ ఓటరు తాను జెండా మోసిన పార్టీ అభ్యర్థి పేరు చూసి పక్క గుర్తుకు వేస్తే దానికి పేరే లేదు. మొదటివాడు పార్టీని మార్చకపోవడం తప్పయింది, రెండోవాడు మార్చడం తప్పు కాలేదు. ఈ తూకం రాళ్లలో ఒకటి బోలురాయి.

ఏ ఓటు ఎటు పోయిందో తెలుసుకునే మార్గం లేదా అంటే, పూర్తిగా కాకపోయినా ఉంది. లెక్కింపు ముగిశాక రిటర్నింగ్ అధికారి ఫారం 20 అనే తుది ఫలితాల పత్రం తయారు చేస్తారు. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరుసగా ఉంటుంది. మహబూబ్‌నగర్ నియోజకవర్గం పెద్దదేమీ కాదు: పట్టణం, దాని చుట్టుపక్కల పల్లెలు, హన్వాడ మండలం. పట్టణంలోని మన మొహల్లాల బూత్‌లు ఏవో, హన్వాడ పల్లెల బూత్‌లు ఏవో అక్కడి కుర్రవాళ్లకు నోటికి వచ్చు. 2009 అంకెలనూ 2012 అంకెలనూ పక్కపక్కన పెట్టి రెండు రాత్రులు కూర్చుంటే చీలింది ఎవరో, జారింది ఎవరో చాలావరకు తేలుతుంది. అది చేయకుండానే మనం దోషాన్ని ఒప్పుకున్నాం. పార్టీ కూడా అది చేయకుండానే ముస్లిం గెలవడని తేల్చుకుంది.

నా దృష్టిలో అసలు కారణం మరొకటి, అది ఈ మూడు వివరణలకూ అడుగున ఉంది. 2012లో పాలమూరు ఓటరు ముందు తెలంగాణ కావాలని అడిగే పార్టీలు రెండు ఉన్నాయి. 2010 జులై ఉప ఎన్నికల్లో నిజామాబాద్ అర్బన్‌ను టీఆర్ఎస్ బీజేపీకే వదిలిపెట్టింది, అక్కడ యెండల లక్ష్మీనారాయణ గెలిచారు. అంటే కమలానికి ఓటు వేస్తే తెలంగాణకు ద్రోహం కాదని ఉద్యమ పార్టీయే ఓటరుకు నేర్పింది. రెండేళ్లు తిరగకుండానే మహబూబ్‌నగర్‌లో ఆ రెండు పార్టీలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ముస్లిం అభ్యర్థి అంటే మనసులో ముల్లు ఉన్నవాడికి, తెలంగాణను వదులుకోకుండానే ఆ ముల్లు ప్రకారం నడుచుకునే రెండో తలుపు దొరికింది. ఆ తలుపే లేకపోతే? తెలంగాణ కావాలంటే ఇబ్రహీంకే ఓటు వేయక తప్పదన్న పరిస్థితి ఉంటే, ఆ 940 మంది ముల్లును మింగి ఓటు వేసేవారేమో. రాజకీయాల్లో మనసులు మారేదాకా ఆగనక్కరలేదు. అవసరం మనసు కన్నా ముందు నడిచిన సందర్భాలు ఉన్నాయి.

అందుకు ఉదాహరణ వెదకడానికి ఉత్తర భారతానికి పోనక్కరలేదు. పక్క జిల్లా నల్లగొండ చాలు.

1952 సాధారణ ఎన్నికల్లో హైదరాబాద్ నగరంలో ఓడిపోయిన మఖ్దూం మొహియుద్దీన్ అదే ఏడాది నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో పీడీఎఫ్ అభ్యర్థిగా గెలిచి శాసనసభకు వెళ్లారు. ఆయన మెదక్ జిల్లా అందోలులో పుట్టిన మనిషి, ఉర్దూ కవి, నగరంలో కార్మిక సంఘాలు కట్టిన నాయకుడు. హుజూర్‌నగర్ పల్లెల రైతుకు ఆయన కులం కాదు, మతం కాదు, ఊరూ కాదు, చివరికి భాష కూడా కాదు. పైగా కాలం ఎటువంటిది? రజాకార్ల దాడులు జరిగి, పోలీసు చర్య జరిగి నాలుగేళ్లే అయింది. నల్లగొండ పల్లెల్లో ఆ గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. పోలీసు చర్య తరువాత ముస్లింలు అనుభవించినదీ తక్కువేమీ కాదు. అటువంటి నేల మీద ఒక ముస్లిం పేరును చూసి పల్లెలకు పల్లెలు ఓటు వేశాయి. ఈనాటి పార్టీ లెక్కల పుస్తకం ప్రకారం అది జరగకూడని పని.

ఎందుకు జరిగింది? దొరల చేతి నుంచి తీసుకున్న భూమి నిలుస్తుందా పోతుందా అన్నది ఆ రైతుల ప్రశ్న. ఆ ప్రశ్నకు వారి పక్షాన జవాబు చెప్పే జెండా ఒక్కటే ఉంది. రెండో తలుపు లేదు. రావి నారాయణ రెడ్డిని నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి దేశంలోనే పేరెన్నికగన్న మెజారిటీతో గెలిపించింది కూడా ఆ ప్రశ్నే. దానికి ముందు పునాది ఉంది. అప్పటికి నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనాన్ని ఎదిరించి, తన భూమి కోసం కోర్టు దాకా వెళ్లి పోరాడి హతుడైన షేక్ బందగీ కథ ఆ పల్లెలకు తెలుసు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ నాటకంలో ఆ పేరు ఊరూరా తిరిగింది. ముస్లిం అంటే నిజాం మనిషి అన్న సమీకరణాన్ని ఒక ముస్లిం రైతు తన ప్రాణం ఇచ్చి చెరిపి ఉంచాడు. మఖ్దూం గెలిచింది ఆ చెరిపిన పలక మీద.

మఖ్దూం కమ్యూనిస్టు కదా, ఆయన గెలుపు మనదెలా అవుతుందని అడిగే సోదరులు ఉంటారు. ఆయన విశ్వాసాల సంగతి ఇక్కడ చర్చ కాదు. బ్యాలెట్ పెట్టె దగ్గరికి వచ్చిన రైతు చూసింది ఒక ముస్లిం పేరును. ఆ పేరు అతని చేతిని ఆపలేదు. నేను పట్టుకున్నది అంత వరకే.

అదే హుజూర్‌నగర్ 2019 అక్టోబర్‌లో మరో ఉప ఎన్నిక చూసింది. గెలిచినవారు శానంపూడి సైదిరెడ్డి, ఓడినవారు ఉత్తమ్ పద్మావతి రెడ్డి. ఆ ప్రాంతంలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో నల్లగొండవాసులకు చెప్పనక్కరలేదు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని హిందువులు తమ పిల్లలకు పెట్టుకునే పేర్లవి. దర్గాల విషయంలో మన ఆలిమ్‌ల అభిప్రాయం వేరే సంగతి, దాన్ని ఇక్కడ తేల్చబోవడం లేదు. నేను చెప్పేది సామాజిక విషయం. తన బిడ్డకు ముస్లిం వలీ పేరు పెట్టుకోవడానికి జంకని పల్లె, ముస్లిం అభ్యర్థికి ఓటు వేయడానికి పుట్టుకతోనే జంకుతుందని ఎలా నమ్మమంటారు? జంకు పల్లెలో కన్నా పార్టీ జిల్లా కార్యాలయంలో ఎక్కువ ఉందని నా అనుమానం. 2011 జనగణనలో ముస్లింలు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఎనిమిది శాతం పైన, నల్లగొండలో అయిదు శాతం పైన. ఇంత తక్కువ జనాభా ఉన్న చోట ముస్లిం అభ్యర్థి మన ఓట్లతోనే గెలవాలంటే ఏనాటికీ గెలవడు. ఇక్కడ ఇత్తెహాద్ నినాదం ఒక్కటే చాలదు. మన ఐక్యత గెలుపుకు మొదటి మెట్టు మాత్రమే. మిగిలిన మెట్లు ఇతరుల ఓట్లతో కట్టాలి. ఆ పని తెలుగులో, పల్లెల్లో జరగాలి.

ఎదుటి వాదనకు బలమే లేదని నేను అనను. నిజామాబాద్ అర్బన్ ఉంది. 2023లో కాంగ్రెస్ రాష్ట్రమంతటా గెలిచిన ఏడాది, పార్టీలో అంత సీనియర్ అయిన షబ్బీర్ అలీ అక్కడ బీజేపీ అభ్యర్థి ధన్‌పాల్ సూర్యనారాయణ గుప్తా చేతిలో ఓడిపోయారు. అదే ఏడాది జూబ్లీహిల్స్‌లో అజారుద్దీన్ ఓడారు. బోధన్‌లో 2014, 2018లలో వరుసగా గెలిచిన షకీల్ ఆమిర్ కూడా ఓడారు. ఫలితంగా 119 స్థానాల శాసనసభలో ముస్లిం సభ్యులు ఏడుగురికి దిగారు. ఏడుగురూ మజ్లిస్ వారే, ఏడు స్థానాలూ హైదరాబాద్‌లోనివే. రాష్ట్ర జనాభాలో మనం పన్నెండున్నర శాతం దాటి ఉన్నాం. ఆ నిష్పత్తిలో చూస్తే పదిహేను మంది ఉండాలి. పాత నగరం దాటితే, ఆదిలాబాద్ నుంచి అలంపూర్ దాకా శాసనసభలో మన గొంతు ఒక్కటి కూడా లేదు. భయం నిరాధారం కాదు, కానీ భయపడి టికెట్లు తగ్గిస్తూ పోతే చేరే చోటు ఇదే.

ఈ ఖాళీని పార్టీలు ఎలా పూరించుకుంటున్నాయో జూబ్లీహిల్స్ చూపించింది. మాగంటి గోపీనాథ్ మరణంతో అక్కడ ఉప ఎన్నిక వచ్చింది. 2023లో ఓడిన అజారుద్దీన్‌కు కాంగ్రెస్ ఈసారి టికెట్ ఇవ్వలేదు, నవీన్ యాదవ్‌కు ఇచ్చింది. పోలింగ్‌కు పట్టుమని పక్షం రోజులు కూడా లేనప్పుడు, 2025 అక్టోబర్ 31న, అజారుద్దీన్‌తో మంత్రిగా ప్రమాణం చేయించింది. ఆ రోజుకు ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. నవంబర్ 11న పోలింగ్ జరిగింది, కాంగ్రెస్ గెలిచింది. మంత్రివర్గంలో ముస్లిం లేని లోటు రెండేళ్లకు తీరింది, సంతోషమే. కానీ ఆ ఏర్పాటు వెనుక ఉన్న లెక్కను గమనించండి. ముస్లింకు పదవి ఇవ్వవచ్చు, ముస్లింను ఓటరు ముందు నిలబెట్టకూడదు. ఓటరు చేత ఎన్నుకోబడినవాడు ఓటరుకు జవాబుదారీ. నాయకుడు పిలిచి ఇచ్చిన పదవిలో ఉన్నవాడు నాయకుడికి జవాబుదారీ. మన సమస్య మీద ముఖ్యమంత్రితో గొంతు పెంచి మాట్లాడవలసిన రోజు వస్తే ఈ రెండింటిలో ఎవరు మాట్లాడగలరో వేరే చెప్పాలా?

ఇక, గెలవడనుకున్నవాడు ఉప ఎన్నికలో ఎలా గెలుస్తాడు అన్న విషయానికి వద్దాం. తెలంగాణలో ఉప ఎన్నికలు ఎక్కువగా అధికార పార్టీవే. హుజూర్‌నగర్, నాగార్జునసాగర్, మునుగోడు అన్నీ ఆనాటి అధికార పార్టీకే దక్కాయి. మునుగోడులో అయితే డబ్బు, మందు పారిన తీరు దేశమంతా చూసింది. ఈ వరసను చెడగొట్టిన ఉప ఎన్నిక దుబ్బాక. 2020లో బీజేపీ అభ్యర్థి రఘునందన్ రావు అధికార పార్టీ అభ్యర్థిని వెయ్యి పైచిలుకు ఓట్లతో ఓడించారు. ఆయన అక్కడ 2014లో ఓడారు, 2018లో ఓడారు. ఓడిన రెండుసార్లూ నియోజకవర్గం విడిచిపెట్టలేదు, పార్టీ ఆయనను విడిచిపెట్టలేదు. ఆ పార్టీ మన పట్ల ఎలా ఉంటుందో తెలియక కాదు ఈ మాట చెప్పడం. శత్రువు దగ్గరైనా పని తీరు నేర్చుకోవచ్చు. ఉప ఎన్నికలో ఒక్క నియోజకవర్గమే ఉంటుంది కాబట్టి చిన్న బలగం కూడా అంతా అక్కడే దిగి, ప్రతి బూత్‌కూ మనిషిని పెట్టగలదు. అంతకు ముందే ఊళ్లలో ముఖం తెలిసిన అభ్యర్థి ఉంటే ఆ బలగం పని చేస్తుంది, లేకపోతే పెట్రోలు ఖర్చు.

మహబూబ్‌నగర్‌లో మన అభ్యర్థికి ఆ అవకాశం దక్కలేదు. 2009లో రెండో స్థానం, 2012లో రెండువేల లోపు తేడాతో రెండో స్థానం. మరే అభ్యర్థి అయినా మూడోసారి గెలుస్తాడని పార్టీ అతడినే అంటిపెట్టుకుని ఉండేది. 2014లో టీఆర్ఎస్ టికెట్ ఉద్యోగ సంఘాల నాయకుడు వి. శ్రీనివాస్ గౌడ్‌కు వెళ్లింది. ఆయన గెలిచారు, మంత్రి కూడా అయ్యారు. 2018లోనూ, 2023లోనూ ఆయనకే టికెట్. 2014లో కాంగ్రెస్ ఒబేదుల్లా కొత్వాల్‌ను నిలిపింది గాని ఆయన గెలవలేదు, ఆ పార్టీ కూడా ఆ ప్రయత్నాన్ని కొనసాగించలేదు. అంటే రెండు పార్టీలూ రాయి వేసి చూశాయి, తగలకపోతే చేతులు దులుపుకున్నాయి. దుబ్బాకలో చూపిన ఓపిక మహబూబ్‌నగర్‌లో ఎవరూ చూపలేదు.

మరో విచిత్రం. 2012లో కమలం గుర్తుపై గెలిచిన యెన్నం శ్రీనివాస్ రెడ్డే 2023లో హస్తం గుర్తుపై పోటీ చేసి అదే స్థానంలో గెలిచారు. ఒకనాడు మనల్ని ఓడించాడనుకున్న మనిషికి మరొకనాడు మన మొహల్లాల్లో టీ కప్పు అందింది. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు, ప్రజాస్వామ్యంలో మనిషీ మారవచ్చు, గుర్తూ మారవచ్చు. అయితే ముస్లిం ఓటరు గుర్తును చూసి మనిషిని అంగీకరించగలిగినప్పుడు, ఆ పని హిందూ ఓటరు కూడా చేయగలడని పార్టీ ఎందుకు నమ్మదు? అంగీకరించమని అతడిని ఒక్కసారైనా గట్టిగా అడిగిందా?

గెలుపు ఒక్కటే అభ్యర్థిత్వానికి ప్రయోజనం కాదన్న సంగతి కూడా నల్లగొండే చెప్పింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి ఫ్లోరైడ్ నీటి గోసను దేశానికి వినిపించడానికి ఆ దారి పట్టింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. వారెవరూ గెలవలేదు. కానీ ఎముకలు వంగిన ఆ పల్లెల సంగతి ఢిల్లీ దాకా పోయింది, ప్రభుత్వం డిపాజిట్ మొత్తాన్ని అమాంతం పెంచవలసి వచ్చింది. ఆ ఫ్లోరైడ్ నీరు మతం అడగలేదు. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో వంగిన ఎముకలు అన్ని కులాలవీ, అన్ని మతాలవీ. పాలమూరు వలస కూలీ బొంబాయి బస్సు ఎక్కేటప్పుడు పక్క సీట్లో ఏ మతంవాడు కూర్చున్నాడో చూడడు. ఈ ప్రశ్నలను ఏళ్ల తరబడి పట్టుకుని తిరిగే ముస్లిం కార్యకర్త ఒకడు తయారైతే, అతడికి ఓటు వేయాలా వద్దా అన్న ప్రశ్న 2012లోలాగ ఉండదు. ఖబరస్తాన్ ప్రహరీ, షాదీఖానా, ఉర్దూ బడి మన హక్కులే, వాటిని వదలమని కాదు. కానీ వాటిని మాత్రమే పట్టుకున్న అభ్యర్థి పక్క వీధివాడికి పక్క వీధివాడుగానే మిగులుతాడు.

అటువంటి కార్యకర్త శాసనసభ టికెట్‌తో పుట్టడు, వార్డులో పుడతాడు. బీసీ జాబితాలో ఉన్న మన కులాలకు స్థానిక సంస్థల బీసీ స్థానాల్లో పోటీ చేసే దారి ఉంది. బీసీ జాబితా నుంచి ముస్లింలను తీసివేయాలని బీజేపీ పదేపదే అడగడం వెనుక ఉన్నది ఉద్యోగాల లెక్క ఒక్కటే కాదు, ఈ దారి కూడా. పల్లెలోని దూదేకుల సాయిబు వార్డు సభ్యుడుగా గెలిచి మురికి కాలువ తీయించిన నాడు, పదేళ్ల తరువాత వచ్చే అభ్యర్థికి ఒక బూత్ సిద్ధమవుతుంది.

ఇక వెంటనే చేయవలసిన పని. రెండు వేల లోపు తేడాతో ఫలితం తేలే చోట ఓటరు జాబితా ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. పెళ్లయి వచ్చిన కోడళ్ల పేర్లు పుట్టింటి బూత్‌లోనే ఉంటాయి. అద్దె ఇల్లు మారిన కుటుంబం పేర్లు పాత వార్డులో గల్లంతవుతాయి. కొత్త పేరుకు ఫారం 6, చిరునామా మార్పుకు, తప్పుల సవరణకు ఫారం 8. ఎవరో ఫారం 7 పెట్టి మన పేరుపై అభ్యంతరం చెబితే నోటీసు వస్తుంది, ఆ నోటీసుకు జవాబు ఇవ్వకపోతే పేరు పోతుంది. ఒక్కో మస్జిద్ కమిటీ తన చుట్టూ ఉన్న రెండు మూడు బూత్‌ల జాబితాను ఏడాదికొకసారి ఇంటింటికీ తిప్పి సరిచూస్తే 940 కన్నా ఎక్కువ పేర్లే తేలతాయని నేను అనుకుంటున్నాను. మహబూబ్‌నగర్ యువకులు 2009, 2012 ఫారం 20లను ముందేసుకుని కూర్చోవాలి, ఆ తరువాతి మూడు ఎన్నికలవీ కలుపుకోవాలి.

రేపు ఏదో ఒక పార్టీ పాలమూరులోనో నల్లగొండలోనో మనవాడొకడికి బీ-ఫారం పట్టుకుని వస్తుంది. దండలు వేసే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. హన్వాడ పల్లెల్లో మా అభ్యర్థి పక్కన నిలబడి ఓటు అడిగే మీ రెడ్డి నాయకుడెవరు, మీ ముదిరాజ్ నాయకుడెవరు, వారి పేర్లు చెప్పండి. మీ జెండా కట్టే ఇళ్ల ఓట్లు మావాడికి పడకపోతే ఆ బూత్ బాధ్యుడిని ఏం చేస్తారు? ఓడితే మళ్లీ ఎప్పుడు ఇస్తారు? ఇబ్రహీం రెండుసార్లు దగ్గరిదాకా వచ్చారు, ఈ అభ్యర్థికి మూడోసారి ఇస్తామని ఇప్పుడే, పదిమంది ముందు అంటారా?